తాడు అడిగిన పడవ

సముద్రం లేని ఊరికి సముద్రం కబురు చెప్పడానికి వెళ్ళిన సరంగుని బహుశా నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్ళు కాకినాడ నుంచి వేట బోట్లు నడిపి, మోకాళ్ళు మొరాయించాక వలల కొట్టు పెట్టుకున్న పోలయ్యని. మన బోటువాళ్ళ సంఘం పత్రిక చదివేవాళ్ళలో సగం మంది నాతో తిరిగినవాళ్ళే కనక, కోతలు కోస్తే దొరికిపోతానన్న భయం నాకుంది. మొన్న నాలుగు రోజులు హైదరాబాద్ పాతబస్తీలో ఉండి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వెళ్ళడానికి కారణం ఒక వీడియో. ఏడేళ్ళ కిందట ట్యూనా వేటకి పోయి, ఒడ్డుకి మూడు రోజుల దూరంలో ఉండగా మాకొక పడవ ఎదురైంది. పడవ నిండా మనుషులు. బర్మా నుంచి పారిపోయి, బంగ్లాదేశ్ శిబిరాల్లో తలదాచుకుని, అక్కడా ఉండలేక మలేషియా పోదామని బయల్దేరిన రోహింగ్యాలు. మేం వాళ్ళకి నీళ్ళ డబ్బాలు, అటుకులు, బెల్లం అందించాం. నేను ఫోన్లో నలభై సెకన్లు తీశాను. పోయినేడు మా అల్లుడు ఆ వీడియోకి "మా మావయ్య మంచితనం" అని పేరు పెట్టి వాట్సాప్‌లో వదిలాడు. అల్లుడు మెచ్చుకోవడం అదే మొదటిసారి కాబట్టి నేనూ ఊరుకున్నాను.

అది చేతులు మారి మారి జయశ్రీ అనే అమ్మాయికి చేరింది. ఆవిడ డాక్యుమెంటరీలు తీస్తుంది. సముద్రం మీద దారి తప్పినవాళ్ళ గురించీ, వాళ్ళ కోసం పాతబస్తీ అంచున ఎదురుచూస్తున్నవాళ్ళ గురించీ ఒక సినిమా తీస్తోంది. ఫోన్లో ఇలా చెప్పింది: "కాకా, నా సినిమాలున్నోళ్ళందరికి ముందుగాల చూపిస్త. వాళ్ళు వద్దన్న ముక్క తీసేస్త. గటెన్కనే బయటోళ్ళకు. మీరు గూడ ఉన్నరు గదా, రావాలె."

మనల్ని అడిగి మన బొమ్మ వాడుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారు? సంచీ సర్దుకున్నాను.

మొఘల్‌పురాలో వంజరం పచ్చడి

జయశ్రీ వాళ్ళది మొఘల్‌పురాలో మూడు తరాల నాటి ఇల్లు. వాళ్ళ నాన్న కిషన్‌గారికి చార్మినార్ దగ్గర జరీ, లేసుల దుకాణం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, గుమ్మం దాటితే ఉర్దూ. పక్కింటి ముసలాయనతో కిషన్‌గారు మాట్లాడుతుంటే పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను. తీరా అడిగితే, దోమల మందు కొట్టేవాడు రాలేదని ఇద్దరూ కలిసి బాధపడుతున్నారట.

ఉట్టి చేతులతో వెళ్ళకూడదని మా ఆవిడ రెండు కిలోల వంజరం పచ్చడి పెట్టి ఇచ్చింది. ఘనంగా తీసి బల్ల మీద పెట్టాను. మూత తియ్యగానే కిషన్‌గారు రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏంది సరంగన్నా, గిది?"

"వంజరం చేప పచ్చడండి. నువ్వుల నూనె. ఆరు నెలలైనా చెడిపోదు."

"అరే, మా ఇంట్ల కోడిగుడ్డు గూడ రాదన్నా!"

జయశ్రీ పడీ పడీ నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దాయన మాత్రం నొచ్చుకోనివ్వలేదు. "ఫికర్ జెయ్యకు. ఇంత దూరం మోసుకొచ్చినవ్, తినేటోళ్ళకే ఇద్దాం" అని, ఆ సీసాని ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి, పెరటి అరుగు మీద ఉంచారు. మధ్యాహ్నం చింతపండు పోసిన ఖట్టీ దాల్, బగారా బైంగన్, అన్నం పెట్టారు. చేప లేని భోజనం నాకు ఉపవాసంతో సమానం గానీ, ఆ వంకాయ తిన్నాక నా అభిప్రాయం కొంచెం మార్చుకున్నాను.

భోజనాలయ్యాక జయశ్రీ తన గది చూపించింది. కంప్యూటరు, తీగెలు, గోడకి ఆనించి ఒక పెద్ద పోస్టరు. దాన్ని చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

నా వీడియోలోంచి తీసిన బొమ్మ. పడవ ముందు భాగాన ఒక బక్క మనిషి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి మా వైపు చూస్తున్నాడు. చేతుల్లో తాడు చుట్ట. కింద పెద్ద అక్షరాలతో "షుక్రియా", అంటే కృతజ్ఞతలు, అని రాసి ఉంది.

"మస్తు వచ్చింది గదా, కాకా? నీళ్ళిచ్చిండ్రని చేతులెత్తి షుక్రియా చెప్తుండు. సినిమాకంత గీ ఒక్క ఫ్రేమే పాణం" అంది జయశ్రీ.

మనవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఈ పత్రికని ఒడ్డున ఉండేవాళ్ళూ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. సముద్రంలో ఇంజను ఆగిపోయినవాడు తాడు చుట్టని రెండు చేతులతో నెత్తి మీదికెత్తి చూపిస్తాడు. నన్ను కట్టుకుని లాక్కెళ్ళమని దానర్థం. చూసిన బోటు ఆ తాడు అందుకుని తీరాలి. పగవాడైనా సరే, నిన్న మన వల కోసినవాడైనా సరే. నీళ్ళడిగితే లేవనవచ్చు, తాడడిగితే కాదనకూడదని మా తాత చెప్పేవాడు.

నేను కాదన్నాను. ఫోను జేబులో పెట్టుకుని ఇంజను వేగం పెంచాను. అంతమందిని ఒడ్డుకి లాక్కొస్తే పోలీసులు, కేసు, బోటు సీజు అవుతుందేమోనని భయం. ఎనిమిది మంది కళాసీల కూడు గుర్తొచ్చింది. వైర్‌లెస్ సెట్లో మాత్రం "వెనక వచ్చే బోట్లూ, ఇక్కడో పడవుంది, చూసుకోండి" అని చెప్పాను. చెప్పాను కదా అని ఏడేళ్ళు హాయిగా నిద్రపోయాను.

జయశ్రీకి ఆ నిమిషమే చెప్పాల్సింది. "బాగుందమ్మా" అన్నాను.

కంచన్‌బాగ్ దాటాక

రెండో రోజు పొద్దున్నే కిషన్‌గారు టీ కొట్టుకి తీసుకెళ్ళారు. టీ ఇరవై రూపాయలు. మన దగ్గర పది రూపాయలకి రెండింతలు ఇస్తారు కదా అని లోపల గొణుక్కున్నాను. ఒక గుక్క తాగాక గొణుగుడు ఆపేశాను. పాలు మరిగించి మరిగించి మీగడ రంగుకి తెచ్చారు. ఉస్మానియా బిస్కెట్టు అందులో ముంచడానికి ఒక లెక్కుంది. రెండు క్షణాలు దాటితే తెగి పడిపోతుంది. నావి మూడు పడిపోయాయి. పక్క బల్ల దగ్గర కూర్చున్న కుర్రాళ్ళు జాలిపడి చెంచా ఇచ్చారు.

అక్కణ్ణించి నేనూ జయశ్రీ ఆటోలో కంచన్‌బాగ్ మీదుగా వెళ్ళాం. రక్షణ శాఖ సంస్థల పొడుగాటి కాంపౌండు గోడలు, గేట్ల దగ్గర గుర్తింపు కార్డులు మెళ్ళో వేసుకున్న ఉద్యోగులు. వాళ్ళలో సగం మంది మన గోదావరి జిల్లాలవాళ్ళేనని, పలహారం బండి దగ్గర "అండీ" వినగానే తెలిసిపోయింది. ఆ గోడలు దాటి ఇంకొంచెం దూరం పోతే రేకులు, టార్పాలిన్లతో కట్టిన గుడిసెలు. రోహింగ్యాలు ఉండేది అక్కడే.

జయశ్రీ నన్ను ఒక తోపుడు బండి దగ్గర ఆపింది. బండి మీద ఎండు చేపలు! నెత్తళ్ళు, సావళ్ళు, ఎండు రొయ్యలు. రెండు రోజుల తర్వాత సొంతవాళ్ళని చూసినట్టు ప్రాణం లేచొచ్చింది. బండి వెనక నల్ల బురఖాలో ముప్పై అయిదేళ్ళ ఆవిడ. పేరు నూర్ బేగం. హైదరాబాద్ వచ్చి పదేళ్ళు దాటిందట. గిరాకీలతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు నేర్చుకుంది.

"మీ దిక్కు నుంచొచ్చిన సరుకే, భాయ్‌సాబ్. కాకినాడ రొయ్య అంటే ఇక్కడ మస్తు నడుస్తది" అంది.

నేను ఒక నెత్తల్ని విరిచి వాసన చూసి, ఉప్పు తక్కువైంది, వానాకాలం నిలవదని చెప్పాను. ఆవిడ ఇంకోటి విరిచి నా ముక్కు దగ్గర పెట్టి, ఉప్పు ఎక్కువైతే ఇక్కడోళ్ళు కొనరని వాదించింది. ఓడిపోయాను. వెంట తెచ్చిన పచ్చడి సీసా ఆవిడకే ఇచ్చాను. మూత తీసి వేలితో రుచి చూసి కళ్ళు మూసుకుంది. వాళ్ళ నాన్న కూడా చేపలు పట్టేవాడట.

అప్పుడే జయశ్రీ కెమెరా మనిషి యూసుఫ్ కెమెరా భుజానికెత్తుకున్నాడు. నూర్ బేగం చేతులు తుడుచుకుని నన్నే చూసింది.

"భాయ్‌సాబ్, మీ వీడియోల పడవకు నీలి పట్టీ ఉంది. నా తమ్ముడు ఎక్కింది గూడ నీలి పట్టీ పడవనే. అదే నెలల పోయిండు. మొఖాలు సాఫ్ కనిపిస్తలేవు గని నా దిల్ చెప్తుంది, గదేనని." చేపల మీది ఈగల్ని తోలింది. "ఒకటే అడుగుత. ఇంజన్ నడుస్తుండెనా?"

ఎందుకడుగుతోందో జయశ్రీ ముందే చెప్పింది. తమ్ముడి పేరున ఫాతిహా చదివించమని బంధువులు ఏళ్ళ తరబడి పోరుతున్నారు. పోయినవాళ్ళ కోసం చదివించే ప్రార్థన అది. నూర్ ఒప్పుకోదు. మలేషియా జైళ్ళలో వెతికిస్తానని ఒక ఏజెంటు తగిలాడు. వాడికివ్వడానికి బండి అమ్మాలనుకుంటోంది. కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు. ఇంజను నడిచి ఉంటే పడవ ఎక్కడో ఒక చోట ఒడ్డెక్కి ఉంటుంది, బండి అమ్మినా ఫరవాలేదు. ఇదీ ఆవిడ లెక్క.

కెమెరా నా మొహం మీదుంది. ఆవిడ వేళ్ళకి మా ఇంటి పచ్చడి నూనె ఇంకా మెరుస్తోంది.

"నడుస్తూనే ఉంది, చెల్లెమ్మా. చక్కగా వెళ్ళిపోయారు" అన్నాను.

ఆవిడ బండి కర్రని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. నాకోసం కాగితంలో పావుకిలో రొయ్యలు పొట్లం కట్టింది. డబ్బులిస్తే తీసుకోలేదు.  ఆ రోజంతా ఏం తిన్నా లోపలికి పోలేదు.

గాజుల సందులో

మూడో రోజు ఒంటరిగా చార్మినార్ చూస్తానని బయల్దేరాను. నిజానికి జయశ్రీ మొహం తప్పించుకోవడానికే. సముద్రంలో చుక్కల్ని చూసి దారి పట్టేవాణ్ణి, నాలుగు మినార్లు ఆకాశంలో కనబడుతుండగానే తప్పిపోయాను. ఏ సందు తిరిగినా గాజులే. ఆటోలు, స్కూటర్లు, ముత్యాల దుకాణాల ముందు నిలబడి చెయ్యి పట్టుకుని లోపలికి లాగేవాళ్ళు. వేలంపాట రోజున మన రేవులో కూడా ఇంత తొక్కిసలాట ఉండదు.

మా ఆవిడకి లక్క గాజులు కొనాలని ఒక దుకాణం ఎక్కాను. ఎనిమిది వందలన్నాడు. ఇక్కడ సగానికి సగం అడగాలని ఆటోవాడు ముందే చెప్పాడు. "నాలుగొందలు" అన్నాను ధైర్యంగా. "తీస్కో చాచా" అన్నాడు అతను, నా మాట పూర్తి కాకుండానే. మూడొందలు అడగనందుకు సాయంత్రం దాకా కుళ్ళుకున్నాను. ఇంటికొచ్చాక తెలిసింది, సైజు కూడా చిన్నదే. అవి ఇప్పుడు మా మనవరాలి చేతికున్నాయి.

దారి అడగడానికి కిషన్‌గారి దుకాణం పేరు చెబితే, ఒక అత్తరు వ్యాపారి కొట్టు కుర్రాడికి అప్పగించి నాతో నడిచి వచ్చి దిగబెట్టాడు. గిరాకీ వదులుకుని ఎందుకొచ్చారంటే, "మెహమాన్ కదా, గల్లీల ఒదిలేస్తె మా గల్లీకే బద్నామ్" అన్నాడు. అతిథిని దారిలో వదిలేస్తే వీధికే చెడ్డపేరని మర్యాదకే అన్నాడు గానీ, నాకు చురుక్కుమంది.

కిషన్‌గారు నా మొహం చూసి స్టూలు జరిపారు. లేసు చుట్టలు కొలుస్తూనే అడిగారు.

"ఏమైందన్నా? నిన్నటి సంది అన్నం సక్కగ తింటలేవు."

చెప్పేశాను. తాడు సంగతి, పోస్టరు సంగతి, బండి దగ్గర ఆడిన అబద్ధం, అన్నీ. ఆయన కొలబద్ద కింద పెట్టలేదు. నేను చెప్పడం అయ్యాక మాత్రం ఆ లేసుని మళ్ళీ మొదటి నుంచి కొలిచారు.

"నా బిడ్డ మూడేండ్లాయె ఆ సినిమా పట్టుకోని తిరుగుతున్నది. రేపు నువ్వు నోరిప్పితె ఆమె పోస్టరు పోతది. ఇప్పకపోతె ఆ తల్లి బండి పోతది. నన్నడిగితె ఏం జెప్పాలె?" అని, లేసు చుట్టి పక్కన పెట్టి, "మా పోస్టరు ఫికర్ నువ్వు జెయ్యకు" అన్నారు.

షాదీఖానాలో సినిమా

నాలుగో రోజు శనివారం. పొద్దున పదకొండు గంటలకి, పెళ్ళిళ్ళు జరిగే ఒక చిన్న షాదీఖానాలో సినిమా వేశారు. కుర్చీలకి ఇంకా ఏదో పెళ్ళి తాలూకు ఎర్ర గుడ్డలు చుట్టి ఉన్నాయి. నలభై మందిదాకా వచ్చారు. అందరూ సినిమాలో ఉన్నవాళ్ళూ, వాళ్ళ ఇంటివాళ్ళూ. అందరికీ ఖీమా పెట్టిన, సమోసాల్లాంటి లుఖ్మీలు, టీ ఇచ్చారు.

సినిమా బాగుంది. గొప్ప మాటలేమీ లేవు. గుడిసెలో ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం చెయ్యెత్తే మనిషి, బిడ్డకి సముద్రం ఎలా ఉంటుందో నీళ్ళ బకెట్టు చూపించి చెప్పే తల్లి. చూస్తుంటే వీళ్ళు ఎవరో పరాయివాళ్ళనిపించలేదు. నా పక్క కుర్చీలోవాళ్ళేగా మరి. అంతలో నేనొచ్చాను, మొన్న బండి దగ్గర తీసిన ముక్కని జయశ్రీ అప్పుడే కలిపేసింది. తెర మీద నా మొహం తలుపంత ఉంది. నూర్ బేగం అడిగింది. "నడుస్తూనే ఉంది, చెల్లెమ్మా" అన్నాడు తెర మీది పోలయ్య. హాల్లో ఒకేసారి ఊపిరి వదిలిన చప్పుడు. వెంటనే తాడెత్తిన మనిషి బొమ్మ. చప్పట్లు కొట్టారు. నా వెనకాయన నా భుజం తట్టాడు.

అబద్ధం ఆడుతున్నప్పుడు మన మొహం మనకి కనబడదు. ఆ రోజు నాకు కనబడింది.

సినిమా అయ్యాక జయశ్రీ ఒక్కొక్కరినీ అడిగింది, "ఏమన్న తీసెయ్యాల్నా?" అని. చిరిగిన చొక్కాతో ఉన్న ముక్క తీసెయ్యమని ఒకాయన కోరాడు. ఒక ముసలావిడ తన మేకని ఇంకాసేపు చూపించమంది. అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది.

"నాది తీసెయ్యాలమ్మా" అన్నాను లేచి.

"ఎందుకు కాకా? మస్తుగుంది గదా."

"అబద్ధం కాబట్టి. ఆ మనిషి దణ్ణం పెట్టడం లేదు. ఇంజను ఆగిపోయింది, తాడు అందుకోమని అడుగుతున్నాడు. నేను అందుకోలేదు. వదిలేసి వచ్చాను."

యూసుఫ్ దాన్ని ఉర్దూలో అందరికీ చెప్పాడు.  జయశ్రీ తెర పక్కన నిలబెట్టిన పోస్టరు వైపు చూసి, కుర్చీలో కూర్చుండిపోయింది. యూసుఫ్ కెమెరా దించబోయాడు.

"బంద్ చెయ్యకు" అంది నూర్ బేగం. మొదటి వరుసలోంచి లేచి నా దగ్గరికొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"తాడు నేను చూసిన. మా అబ్బా గూడ గట్లనే ఎత్తేటోడు. కానీ మీరు నడిచిందన్నరు. సముద్రం తెలిసినాయన చెప్తుండు గదా, నా కండ్లే తప్పనుకున్న."

 

"మీ ఎనక ఎవరుండె?" అని అడిగింది. వెనక బోట్లకి చెప్పానన్నాను. నా వెంటనే వచ్చింది పెంటయ్య మావ బోటు. "ఫోన్ చెయ్యుండ్రి. ఇప్పుడే."

చేశాను. స్పీకర్ పెట్టమంది. పెట్టాను. సినిమా కోసం తీస్తున్నారు, పదిమంది వింటున్నారని ముందే చెప్పాను. పెంటయ్య మావ సరదా మనిషి, "విననియ్యిరా. బిర్యానీ తిన్నావా లేదా?" అన్నాడు.

"మావా, అప్పుడు రోహింగ్యాల పడవ ఉందని సెట్లో చెప్పాను గుర్తుందా? నువ్వెళ్ళేసరికి అక్కడుందా?"

"లేదురా. నీ నీళ్ళ డబ్బాలు రెండు తేలుతున్నాయి, అంతే."

"మరి నువ్వేమనుకున్నావు?"

"ఏమనుకుంటాను? తాడడిగితే నువ్వు కాదనవు కదా. కట్టుకుని లాక్కెళ్ళి ఎక్కడో దింపేసుంటావు, పోలీసుల భయానికి పైకి చెప్పడం లేదనుకున్నాను. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఏడేళ్ళుగా మనసులో నీకు దణ్ణం పెట్టుకుంటున్నానురా." తర్వాత గొంతు మారింది. "ఏరా, పోలిగా? కట్టుకెళ్ళలేదా?"

నేను లేదన్నాను. ఫోను కట్టయింది. ఆయనే పెట్టేశాడు.

నూర్ బేగం అక్కడే నేల మీద కూర్చుంది. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఏడుస్తున్నదీ లేనిదీ నాకు కనబడలేదు. చాలాసేపటికి లేచి జయశ్రీతో అంది:

"తీసెయ్యొద్దు. ఆయన అబద్ధం గూడ ఉండనియ్, ఇప్పుడు చెప్పింది గూడ ఉండనియ్. ఆ షుక్రియా ఒక్కటి తీసెయ్." తర్వాత ఎవరినో పిలిచి, రేపు బండి కోసం వచ్చేవాణ్ణి రావద్దని చెప్పమంది. ఫాతిహా మాట ఆవిడ ఎత్తలేదు, ఇంకెవరూ ఎత్తలేదు.

నేను సంచీ తీసుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చింది.

"మీ ఊర్ల ఎప్పుడు చూపిస్తరు?"

"మా ఊళ్ళో ఇలాంటి సినిమాలు ఎవరు చూస్తారమ్మా" అన్నాను. ఆవిడ కదల్లేదు. "వేట నిషేధం రోజుల్లో అయితే బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి" అన్నాను.

"సరంగులందరు ఉంటరా?"

"ఉంటారు."

"ఆ మావ గూడ?"

"ఉంటాడు."

"అయితే నేనొస్త. అందర్ని పిలువుండ్రి."

ఒడ్డుకి వచ్చాక

జయశ్రీ రైలు దాకా వచ్చింది.  రైలు కదిలే ముందు, "కాకా, నూరుసార్లు చూసిన ఆ ఫ్రేము. ఒక్క బోటాయన్ని పక్కన కూసోబెట్టుకోని అడిగినా అయిపోతుండె" అంది. తప్పు ఆవిడది కూడా అనుకుంటోంది పాపం. తప్పు పంచుకోవడానికి ముందుకొచ్చినవాళ్ళని నేను చూడ్డం అదే మొదలు.

పెంటయ్య మావ ఇప్పుడు నా కొట్టుకి వస్తాడు, బల్ల మీద కూర్చుంటాడు, మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. నేనూ పలకరించడం లేదు. రోజూ వస్తున్నాడు, అది చాలు.

సినిమా వేట నిషేధం మొదటి వారంలో, చేపల వేలం షెడ్డులో. తెర జయశ్రీ తెస్తోంది. కుర్చీలు నావి. ఆ పడవ గురించి నేను సెట్లో చెప్పిన రోజు నా వెనక పదకొండు బోట్లున్నాయి, అన్నీ ఆ మాట విన్నవే. ఎవరివో నాకు తెలుసు, మీకూ తెలుసు. పేర్లు ఇక్కడ రాయడం లేదు. నూర్ బేగం ముందు వరుసలో కూర్చుంటుంది. ఆవిడకి తెలుగు బాగా వచ్చు. ఏం చెప్పాలో ఆలోచించుకుని రండి.